నేను వినాల్సిన పిట్ట

ఆఫీసులో పక్కవాళ్ళను చూసి అసూయ పడొద్దని మీకు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను చెప్పను. అసూయ పడకుండా ఉద్యోగం చేసినవాళ్ళను నా సర్వీసులో ఒక్కరిని కూడా చూడలేదు. పైకి కనపడనివ్వనివాళ్ళను చూశాను, అంతే. నేను ఆ బాపతు కాదు. నా ముఖంలో ఏదీ దాగదని మా ఆయన అంటారు. నిజమే. ఎవరికైనా ప్రమోషన్ వచ్చిందని తెలిసిన రోజు నేను కూర పాడుచేసేదాన్ని.

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మీకోసం ఒక సంగతి చెప్తాను. ఇందులో దొంగలు లేరు, మోసం లేదు. ఒక అమ్మాయి, ఒక పెద్దాయన, ఒక పిట్ట, నేను. ఆ పిట్టను నేను వినాల్సింది. ఆ అమ్మాయి విన్నది. దీనికోసం ఒక మనిషి ఇన్నేళ్ళు కుళ్ళుకుంటుందా అంటే, కుళ్ళుకుంటుంది. ఇదిగో, నేనే సాక్ష్యం.

మా కంపెనీ కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని కిచెనర్ అనే ఊళ్ళో ఒక పాత ఫ్యాక్టరీ భవనంలో ఉండేది. ఇటుక గోడలు, నెత్తిమీద పెద్ద పెద్ద గొట్టాలు, వాటికింద మా బల్లలు. నడకలకు వెళ్ళేవాళ్ళ కోసం ఫోన్ యాప్ చేసేవాళ్ళం. ఫోన్ జేబులో వేసుకుని నడుస్తూ ఉంటే, ఒక మలుపు దగ్గరకు రాగానే అది మెల్లగా చెబుతుంది: ఎడమవైపు చూడండి, ఆ చెట్టు పేరు ఇది, ఇప్పుడు వినబోయే గొంతు ఫలానా పిట్టది అని. మొదట ఒంటారియో పార్కుల కోసం చేశాం. అది బాగా నడిచింది. దాన్ని చూసి, ఇంగ్లండ్‌లో పల్లెటూళ్ళ నడకదారులు చూసుకునే ఒక సంఘం వాళ్ళు, మాకూ ఒకటి చేసిపెట్టండని వచ్చారు.

నా పని మాటలు రాయడం. పటం ముందు పెట్టుకుని, ఏ చోట ఏ మాట పలకాలో, ఏ శబ్దం వినిపించాలో అమర్చడం. ఆ అమ్మాయి పని శబ్దాలు శుభ్రం చేయడం. వెనకాల గాలి హోరు, విమానం మోత, కరెంటు తీగల రొద తీసేసి, కావలసిన గొంతు ఒక్కటీ మిగల్చడం. నాకంటే పదేళ్ళు చిన్నది, హైదరాబాద్ పిల్ల. పక్క ఊరు వాటర్లూలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. బస్సు ఉన్నా నన్ను రోజూ తన కారులోనే తీసుకెళ్ళేది. "ఈ చలిలో స్టాప్ దాకా ఎందుకు నడుస్తవక్కా, నేను వస్తున్న కదా" అనేది. చాలా మంచి పిల్ల. ఈ కథలో నాకున్న పెద్ద ఇబ్బంది అదే.

కొత్తలో మేం వెలగబెట్టిన ఘనకార్యాలు కూడా చెప్పాలి. ఒంటారియో పార్కులకు రాసిన పాత మాటలే చాలా చోట్ల అలాగే వదిలేశాం. ఇంగ్లండ్‌లో ఆ సంఘం వాళ్ళు మొదటి కాపీ తెరిచేసరికి, చర్చి వెనక గొర్రెల బీడు దాటేచోట, "మీ తిండిని ఎలుగుబంట్లకు అందకుండా చెట్టుకొమ్మకు ఎత్తుగా కట్టండి" అని పలికింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మోకాళ్ళదాకా వచ్చే మంచుబూట్లు తప్పనిసరి అని కూడా పలికింది. అది మాత్రం అచ్చంగా నేను రాసిందే. వాళ్ళు ఎంతో మర్యాదగా జవాబు పంపారు. తమ జిల్లాలో ఎలుగుబంట్లు పోయి వెయ్యేళ్ళు దాటిందట, అయినా జాగ్రత్తగా ఉంటామన్నారు. మా మేనేజర్ ఆ జవాబును, మా మాటలతో సహా ప్రింట్ తీసి కాఫీ మెషీన్ పైన అంటించాడు. నా బూట్ల వాక్యం కింద ఎర్ర గీత కూడా పెట్టాడు.

మేమున్న చోట ఇంగ్లండ్ పేర్లకు కొదవ లేదు. లండన్ ఉంది. అందులో థేమ్స్ కూడా పారుతుంది. కేంబ్రిడ్జ్ అయితే పక్కనే. మా ఆయన అక్కడ ఒక గోడౌన్‌లో షిఫ్టులు చూసేవారు. "కేంబ్రిడ్జ్ వెళ్ళొస్తా" అని పెరుగన్నం డబ్బా పట్టుకుని ఆయన బయల్దేరితే నాకు నవ్వూ, ఏదో దిగులూ కలిసి వచ్చేవి. ఇంగ్లండ్ పేర్లన్నీ మా చుట్టూ ఉన్నాయి, ఇంగ్లండ్ ఒక్కటే లేదు.

అలాగని నాకు మొదట ఇంగ్లండ్ పిచ్చేమీ లేదు. పని చేస్తూ చేస్తూ పట్టింది. శాటిలైట్ బొమ్మలో వాళ్ళ పాతదారి ఒకటి చూశాను. రెండు పక్కలా ఎత్తుగా ముళ్ళకంచె, మధ్యలో పల్లంగా దారి, వానొస్తే బురద. ఇది డొంకే కదా అనుకున్నాను. కృష్ణ ఒడ్డున మా ఊళ్ళో నేను డొంకలో నడిచి బడికెళ్ళినదాన్ని. వాళ్ళ కాలిబాటలు రైతు పొలం మధ్యలోంచి, ఒక్కోసారి పెరట్లోంచి కూడా పోతాయి, ఎవరైనా నడవచ్చు. మనవాళ్ళు పక్కవాళ్ళ గట్టు మీదుగా పోయినట్టే. ఒంటారియోలో పుట్టిపెరిగిన మా మేనేజర్‌కి అది ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఇంకొకరి పొలంలోంచా? కుక్కల్ని వదిలితే?" అని ప్రతి మీటింగులో అడిగేవాడు. నాకు చెప్పకుండానే అర్థమైంది. అందుకే నేను రాసిన మాటలు ఆ సంఘం వాళ్ళకు నచ్చాయి. ఈవిడ ఎప్పుడు వచ్చి చూసింది అని అడిగారట. అది విని నేను రెండు రోజులు గాల్లో తేలాను.

శబ్దాలు పంపింది ఆ సంఘంలో ఒక పెద్దాయన. రిటైరైన స్కూల్ మేష్టారు. వయసులో ఉన్నప్పుడు మైకు పట్టుకుని ఆ పొలాలన్నీ తిరిగి ఎన్నో ఏళ్ళు రికార్డు చేశారు. ప్రతి రికార్డింగు మొదట్లో చిన్నగా దగ్గి, చోటు పేరు చెప్పేవారు. నేను ఆయన్ని చూడలేదు గానీ ఆ దగ్గు మాత్రం ఎక్కడ విన్నా గుర్తుపట్టగలను. కిటికీ అవతల మంచు తోసే బండి రోడ్డు మీద తిరుగుతుంటే, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన వెంట మే నెలలో నడిచేదాన్ని.

ఆ రికార్డింగుల్లో ఒక పిట్ట ఉంది. పిడికెడు కూడా ఉండదు, మట్టిరంగు. తడినేలలో తుప్పలో దూరి కూర్చుని, సాయంత్రం పూట కీచురాయిలా కీ... మని సన్నగా లాగుతుంది. మొదలుపెడితే ఆపదు. ఊపిరి ఎప్పుడు తీసుకుంటుందో తెలియదు. పాడుతూ పాడుతూ తల తిప్పుతుంది గనక ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. చలికాలమంతా ఆఫ్రికాలో ఉండి, ఎండలు రాగానే ఆ తుప్పను వెతుక్కుంటూ అంతదూరం ఎగిరొస్తుంది. అది విన్న ప్రతిసారీ నాకు మా ఊరి డొంకలో సాయంత్రం గుర్తొచ్చేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ తుప్ప ముందు నిలబడి దాన్ని వినాలి. నాకు ఆ ఉద్యోగంలో జీతం పెరగాలనీ, పెద్ద పదవి రావాలనీ కూడా అంత బలంగా అనిపించలేదు.

యాప్ తయారయ్యాక ఎవరో ఒకరు ఇంగ్లండ్ వెళ్ళి ఆ దారిలో నడిచి సరిచూడాలి. అది నేనేనని ఆఫీసులో అందరికీ తెలుసు. నేనైతే ముందే ఒక రెయిన్‌కోటు కొని పెట్టుకున్నాను. పసుపురంగుది. ఇంట్లో అద్దం ముందు వేసుకుని చూసుకున్నాను కూడా. మా ఆయన "కుండపోత లోపల పడుతోందా బయట పడుతోందా" అని ఎగతాళి చేశారు.

ఒక గురువారం మేనేజర్ వచ్చి, వచ్చే సోమవారమే బయల్దేరాలన్నాడు. సంఘం వాళ్ళు ఊరందరినీ పిలిచి చూపించే రోజు ముందుకు జరిపారట. నేను చెయ్యి సగం ఎత్తాను. "నీకు వీసా ఉందా?" అన్నాడు.

వీసా లేదు. నాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. అమెరికాలో ఎన్నో ఏళ్ళు, ఇక్కడ ఇంకొన్నేళ్ళు గడిచినా, సిటిజెన్‌షిప్‌కి అప్లై చేయలేదు. పాత పాస్‌పోర్టు వాపసు ఇచ్చేయాలంటే చెయ్యి రాలేదు. వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూ ఉండిపోయాను. బ్రిటన్ వీసాకు టొరంటో వెళ్ళి వేలిముద్రలిచ్చి వారాలు కాచుకోవాలి. సోమవారం లోపల అయ్యే పని కాదు.

ఆ అమ్మాయి మాత్రం ఆ వసంతంలోనే ప్రమాణం చేసి కెనడా పాస్‌పోర్టు తీసుకుంది. దానికి బ్రిటన్ వీసా అక్కర్లేదు. ఆఫీసంతటికీ మైసూర్‌పాక్ పంచింది. నేను రెండు ముక్కలు తిన్నాను. బాగుందని మూడోది ఇంటికి కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు మేనేజర్ ఆమె వైపు తిరిగి, "నువ్వు వెళ్ళగలవా?" అన్నాడు.

"అక్క వెళ్ళాలి సర్. ఆ రాసిన మాటలన్నీ అక్కవే" అంది.

"ఆమెకు కుదరదుగా" అన్నాడు. అయిపోయింది.

ఆ సాయంత్రం ఆమె కారులోనే ఇంటికి బయల్దేరాను. కంచెకీ గోడకీ తేడా తెలియని పిల్ల. బాల్కనీలో పావురం వాలితే కెవ్వున అరిచే పిల్ల. నా డొంకలో ఆమె నడుస్తుంది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ, రోడ్డు పక్క ప్రతి దుకాణం బోర్డూ చదువుతూ కూర్చున్నాను. దిగేముందు ఆమె మెల్లగా అడిగింది: "అక్కా, అక్కడ వానలంట కదా. నీ రెయిన్‌కోటు ఇస్తవా?"

ఇచ్చాను. ఇవ్వకపోతే ఏం చెప్పాలో తోచక ఇచ్చాను. నా కోటు ఇంగ్లండ్ వెళ్ళింది, నేను వెళ్ళలేదు.

ఆమె అక్కడ దిగిన రోజు నుంచి ఫొటోలు మొదలయ్యాయి. పసుపు కోటులో ఆ అమ్మాయి, వెనక గొర్రెలు. పసుపు కోటులో ఆ అమ్మాయి, వెనక రాతిగోడ. అన్నిటి కిందా "సూపర్ ఉందక్కా" అని ఒకటే మాట. ఎలా ఉందే అని అడిగితే, "మస్తు గ్రీన్ ఉంది" అంది. పచ్చగా ఉందని చెప్పడానికి అంత దూరం పంపాలా! ఆ డొంకలో ముళ్ళకంచె పూసిందా, బురద ఏ రంగులో ఉంది, వాసనేమిటి, ఒక్కటీ చెప్పదు. ఒకరోజు పొలం మధ్య నుంచి ఫోన్ చేసి, ఆవులు తన వెంట పడుతున్నాయనీ ఏం చేయాలనీ ఏడుపు గొంతుతో అడిగింది. పరిగెత్తకు, చేతులు చాచి నిలబడు, అవి చూడ్డానికే వస్తాయి అని చెప్పాను. చెప్తూ ఆ ఆవులమీద కూడా కుళ్ళుకున్నాను. అవి కూడా అక్కడే ఉన్నాయిగా.

అసలు సంగతి మూడోరోజు జరిగింది. మాకు మధ్యాహ్నం, వాళ్ళకు పొద్దుగూకే వేళ. ఊరందరికీ చూపించేది మర్నాడు. ఆ పెద్దాయనతో కలిసి దారి మొత్తం ముందుగా నడిచి చూస్తోంది. ఫోన్ మోగింది.

"అక్కా, ఆ తడినేల దగ్గర ఉన్నాం. ఇక్కడ నీ పిట్ట రావాలి కదా. ఏమొస్తలేదు. ఫోన్‌లో ఖాళీగా ఉంది."

"సౌండ్ పెంచావా?"

"ఫుల్లు పెట్టిన. సార్ మాత్రం బాగుంది బాగుంది అని తల ఊపుతున్నరు. నాకే వినపడతలేదా ఏంది?" మళ్ళీ తనే, "ఇంకొకటక్కా. ఇక్కడ తుప్పలో ఏదో కీచురాయి అరుస్తోంది. పొద్దుండంగనే. ఆపకుండా, కీ... అని."

కుర్చీలోంచి లేచాను. "అది కీచురాయి కాదే పిచ్చిదానా! అదే పిట్ట! కదలకు. ఎలా ఉంది, చెప్పు!"

"ఎలా ఉందంటే... కీ అంటోందక్కా."

భగవంతుడా, అనుకున్నాను. ఇన్నాళ్ళు నేను కోరుకున్నది ఆ మనిషి ముందు పాడుతోంది. ఆ మనిషికి కీ అనడం తప్ప ఏమీ చేతకాలేదు. ఫోన్ దగ్గరగా పెట్టమన్నాను. పెట్టింది. ఫోన్లలో అంత సన్నటి గొంతు రాదు. గాలి మోత తప్ప నాకేమీ వినపడలేదు.

తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. ఆఖరి వారంలో ఆ అమ్మాయి ఫైళ్ళన్నిటి మీదా ఒకేసారి ఫిల్టర్ నడిపింది. ఆగకుండా ఒకే శ్రుతిలో వచ్చేదాన్ని ఆ ఫిల్టర్ కరెంటు తీగల రొద అనుకుంటుంది. మా ఒంటారియో పిట్టలతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈ పిట్ట పాడేదే అలా. దాంతో పిట్టను తుడిచేసి, వెనకాల గాలిని భద్రంగా ఉంచింది.

మరి పెద్దాయన తల ఊపడమేమిటి? అడగమన్నాను. ఆమె అడిగింది, ఆయన చెప్పింది నాకు చెప్పింది. ఆయనకు ఆ పిట్ట వినపడక చాలా ఏళ్ళయిందట. వయసు మీద పడితే చెవుల్లోంచి ముందు పోయేది ఆ గొంతేనట. తాను రికార్డు చేసిందే గనక ఉండే ఉంటుందిలే అని, పాపం పిల్ల దూరం నుంచి వచ్చిందని, తల ఊపారు. "మా ఆవిడ ఉన్నప్పుడు, అది పాడితే నా చెయ్యి తట్టి చెప్పేది" అన్నారట. "ఇప్పుడు తట్టేవాళ్ళు లేరు గనక, అది వచ్చిందో రాలేదో నాకు తెలియదు" అన్నారట.

"అక్కా, నేనే పోగొట్టిన. రేపు ఊరంతా వస్తరు. ఇప్పుడెట్ల?"

అప్పుడు నాలో ఉన్న కుళ్ళు చేసిన పని చెప్తాను వినండి. ఆ పిట్టను రోజుకొకసారైనా వినకపోతే తోచక, దాని అసలు రికార్డింగు నా కంప్యూటర్‌లో వేరుగా పెట్టుకున్నాను. ఎవరి ఫిల్టరూ దాని జోలికి రాలేదు. తీసి పంపితే అయిపోయేది. కానీ నాకది చాల్లేదు. నేను వెళ్ళలేదు, వినలేదు. కనీసం నా చేత్తో చేసింది ఏదైనా అక్కడ ఉండాలి. నేను లేకుండా ఆ తుప్ప దగ్గర పని జరగకూడదు. ఇది జాలి అని మీరు అనుకుంటే నాకు సంతోషమే గానీ, నిజం మాత్రం ఇది.

"ఆయనకు వినపడేట్టు చేయొచ్చా?" అని అడిగాను. "శ్రుతి దించితే?"

"దించొచ్చక్కా! స్లో చేస్తే కిందకు వస్తది. కానీ నా సాఫ్ట్‌వేర్ అంతా ఆఫీస్ మెషీన్‌లో ఉంది."

"నేను ఆఫీసులోనే ఉన్నాను. ఏది నొక్కాలో చెప్పు."

ఆమె ఆ పొలంలో నిలబడి, నేను ఆమె కుర్చీలో కూర్చుని, ఇద్దరం చేశాం. ఆమె చెప్పినట్టు నొక్కాను. మొదటిసారి పిట్ట గొంతు ఎద్దు రంకెలా వచ్చింది. రెండోసారి తుప్పుపట్టిన రాట్నంలా వచ్చింది. ఆఖరికి మెల్లగా, గుండ్రంగా, ఎవరో తీరిగ్గా గింజలు రాలుస్తున్నట్టు వచ్చింది. పిట్ట గొంతు పోలిక ఎక్కడా చెడలేదు. యాప్‌లో రెండు శబ్దాలూ పెట్టాను, అసలుదీ, దించినదీ. దించినదాని పక్కన ఒక బొత్తాం, దానికొక వాక్యం కావాలి. ఎంతో ఆలోచించి రాశాను: "పిట్ట మీ ఎదురుగానే ఉంది. వినిపించకపోతే ఇక్కడ నొక్కండి."

మర్నాడు ఆమె వీడియో పంపింది. ఆఫీసు వంటగదిలో నా పప్పు వేడవుతుండగా చూశాను. ఊరివాళ్ళు చాలామంది, నెత్తిన టోపీలు, చేతుల్లో కర్రలు. అందరికంటే ముందు పెద్దాయన. అప్పటికి ఆయన దగ్గే నాకు తెలుసు, ముఖం అప్పుడే చూశాను. ఆయన బొత్తాం నొక్కారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఆయన మెల్లగా టోపీ తీసి, పక్కకు చూశారు. పక్కన ఎవరూ లేరు. ఇంకా అటే చూశారు. ఆ తర్వాత ఆ అమ్మాయిని గట్టిగా కావలించుకున్నారు. వీడియో ఊగిపోయి ఆగిపోయింది.

ఏడ్చాను. ఆయనకోసం ఏడ్చాను, అది నిజం. కానీ ఏడుస్తూనే లెక్క కూడా వేశాను. కోటు నాది. వాక్యం నాది. దాచింది నేను. కావలింత మాత్రం ఆమెది.

ఆమె తిరిగొచ్చాక ఆఫీసులో కేకు కోశారు. మేనేజర్ పొగుడుతుంటే, "ఇదంతా అక్కే చేసింది, నేనే చెడగొట్టిన" అని అందరి ముందూ చెప్పేసింది. ఇక నేను దేనికి కోపగించుకోను? మనల్ని మోసం చేసినవాళ్ళ మీద అసూయ పడటం తేలిక. మంచివాళ్ళ మీద పడాలంటే పగలూ రాత్రీ కష్టపడాలి. నాకోసం ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత మీద పల్లెటూరి బొమ్మ, ముళ్ళకంచె, దారి. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు అందులో ఎండుమిరపకాయలు పోసుకుంటున్నాను. రోజూ పోపు వేసేముందు ఆ డొంకను చూసి ఒకసారి మూలుగుతాను.

ఆ ఏడే సిటిజెన్‌షిప్‌కి అప్లై చేశాను. పాస్‌పోర్టు వచ్చింది. నేనూ మైసూర్‌పాక్ పంచాను. కానీ ఇంగ్లండ్ వెళ్ళే పని మళ్ళీ పడలేదు. కంపెనీని ఎవరో కొన్నారు. మా ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. లోకమంతా తలుపులు వేసుకున్న కాలం ఒకటి వచ్చి పోయింది. నేను రిటైరయ్యాను. పెద్దాయన పోయారని సంఘం వాళ్ళు రాశారు. ఆ అమ్మాయి మేనేజర్ అయింది. ఆ రోజు కూడా కూర పాడుచేశాను.

పోయిన మే నెలలో ఆమే పట్టుబట్టింది. "అక్కా, లీవ్ పెట్టిన. టికెట్లు చూసిన. ఇద్దరం పోదాం. నీకు అన్నీ నేను చూపిస్తా" అంది. నా డొంకను నాకు చూపిస్తుందట! అయినా వెళ్ళాను. పసుపు కోటు నేనే వేసుకున్నాను. ముడతల దగ్గర రంగు కొంచెం పోయింది.

డొంక నేను రాసినట్టే ఉంది. ముళ్ళకంచె నిండా తెల్లగా పూసింది. బురద ఎర్రగా ఉంది, అది నేను రాయలేదు. వాసన కూడా రాయలేదు; తడి గొర్రెబొచ్చు, ఏదో ఆకు, పేడ కలిసిన వాసన. కంచె దాటే చెక్కమెట్ల దగ్గర ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. వదిలించుకుని నేనే ఎక్కాను. గొర్రెలు అరుస్తున్నాయి, ఎక్కడో ట్రాక్టర్ పోతోంది, కాకులు గూళ్ళకు చేరుతున్నాయి. నాకు అన్నీ వినిపిస్తున్నాయి. ఈమధ్య ఇంట్లో మైక్రోవేవ్ పిలుస్తున్నా నేను పట్టించుకోవడం లేదని మా ఆయన గొడవ. అది ఎప్పుడూ పిలవదు, ఆయనే ఊరికే అంటారని నేను.

తడినేల దగ్గరకు వచ్చాం. తుప్ప ఉంది. ఎదురుగా నిలబడ్డాం. గాలి కూడా తగ్గింది.

ఆ అమ్మాయి నా చెయ్యి తట్టింది.

తుప్ప వైపు చూశాను. ఆకులు ఉన్నాయి. ఆమె వైపు చూశాను. ఆమె తుప్ప వైపు కాదు, నా వైపు చూస్తోంది. అప్పటికే ఆమెకు తెలిసిపోయింది, చెప్పాను కదా, నా ముఖంలో ఏదీ దాగదు. కాసేపటికి ఫోన్ తీసి పట్టుకుంది. నేను రాసిన వాక్యం కనపడింది. ఇన్నేళ్ళయినా ఒక్క అక్షరం మార్చలేదు.

"నొక్కనా అక్కా?"

"ఉండు" అన్నాను. "ఎలా ఉంది, చెప్పు."

ఈసారి ఆమె కీ అనలేదు. కళ్ళు మూసుకుంది. "అటు తిరిగింది, దూరం పోయినట్టుంది" అంది. కొంచెం ఆగి, "ఇప్పుడు ఇటు తిరిగింది, మన దగ్గరికొచ్చింది" అంది. "ఊపిరే తీస్తలేదక్కా." ఆమె చెబుతూ ఉంది, నేను ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. కళ్ళలో నిప్పులు పోసుకున్నానంటే నమ్మండి. అంత బాగా చెబుతోంది.

కొంతసేపటికి కళ్ళు తెరిచింది.

"ఆపేసిందక్కా."

"సరే" అన్నాను. "ఇప్పుడు నొక్కు."